ఇండక్షన్ స్టవ్ టప్‌మని పోయిందా? ఐజీబీటీ మార్చే ముందు ఇవి చూసుకోండి

మొన్న తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒక అక్క స్టవ్వును గోనెసంచిలో చుట్టుకొని మా షాపుకు వచ్చింది. "అన్నా, ఇది మూడోసారి. పోయిన వారమే ఏదో ఐజీబీటీ పోయిందంటే మార్పించినాను. ఈ పొద్దు పాలు పెట్టి ఆన్ చేస్తానే టప్ అనింది, ఇంట్లో కరెంటంతా పోయింది" అని చెప్పింది. విప్పి చూస్తే కొత్తగా వేసిన ఐజీబీటీ (కాయిల్‌కు వెళ్లే కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే మూడు కాళ్ల పార్టు) నడుమకు చీలి ఉంది. దానికి వేలెడు దూరంలో ఒక 330కె (అంటే 330 వేల ఓమ్‌లు) రెసిస్టర్, ఒంటి మీద చిన్న గోధుమరంగు మచ్చ. మీటర్ పెడితే ఒక మెగా ఓమ్ (వెయ్యి కె) దాటి చూపించింది. రెండు మూడు రూపాయల రెసిస్టర్ అది, దాన్ని ఎవరూ చూడకపోవడం వల్ల మూడు ఐజీబీటీలు బూడిదయ్యాయి.

అందుకే ఇది రాస్తున్నా. ఐజీబీటీ తనంతట తాను పోయేది చాలా తక్కువ, ఇంకేదో దాన్ని చంపుతుంది. ఆ చంపేది ఏదో కనుక్కోకుండా కొత్తది వేస్తే అది కూడా పోతుంది, ఒక్కోసారి ఆన్ చేసిన క్షణంలోనే. ఇంట్లో మీటర్, సోల్డరింగ్ ఐరన్ ఉండి కొంచెం చెయ్యి తిరిగినవాళ్లు మొత్తం చదవండి. మీటర్ ఎప్పుడూ పట్టుకోనివాళ్లు స్టవ్ విప్పకుండా చూసుకునే భాగం వరకే చేసి, మిగతాది మెకానిక్‌కు వదిలెయ్యండి, కానీ ఆయన ఏం చూడాలో మీకు తెలిసి ఉంటే మంచిదే కదా.

స్టవ్ విప్పకుండా చూసేవి

మొదట ప్లగ్. 2000 వాట్ల స్టవ్ 230 వోల్టుల్లో దాదాపు 8.7 ఆంప్స్ లాగుతుంది. దాన్ని ఫోన్ ఛార్జర్ పెట్టే 6 ఆంప్స్ సాకెట్‌లో, అది కూడా ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి వాడేవాళ్లు అద్దె గదుల్లో ఎంతమందో. పది నిమిషాలు వండాక స్విచ్ ఆపి, ప్లగ్ తీసి దాని ఇత్తడి కాళ్ల దగ్గర ప్లాస్టిక్ చూడండి. పసుపు రంగుకు తిరిగినా, కరిగినట్టు మెత్తగా అయినా, కాలిన వాసన వచ్చినా తప్పు స్టవ్‌ది కాదు, సాకెట్‌ది. లూజు సాకెట్‌లో లోపల సన్నగా నిప్పురవ్వలు లేస్తూ ఉంటాయి, స్టవ్ ఆగి ఆగి వెలుగుతుంది, ఆ కుదుపులకు లోపలి పార్టులు కూడా దెబ్బతింటాయి. 16 ఆంప్స్ సాకెట్, దానికి సరిపడా 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, సరైన ఎర్త్, ఈ మూడూ లేకుండా పెద్ద స్టవ్ పెట్టకండి.

తర్వాత వోల్టేజ్. ఎండాకాలం రాత్రిపూట ఏసీలన్నీ ఒకేసారి ఆన్ అయితే కొన్ని వీధుల్లో వోల్టేజ్ బాగా పడిపోతుంది, అప్పుడు స్టవ్ ఏదో ఎర్రర్ నంబరు చూపించి కూర్చుంటుంది. ఎర్రర్ నంబర్లు కంపెనీకి ఒక రకంగా ఉంటాయి, ఒకరి స్టవ్‌లో లో వోల్టేజ్‌కు వచ్చే నంబరు ఇంకొకరి దాంట్లో సెన్సర్‌ది కావచ్చు, కాబట్టి యూట్యూబ్‌లో చూసిన నంబరు పట్టుకొని పార్టులు పీకకండి, మీ స్టవ్‌తో వచ్చిన పుస్తకం చూడండి. మీటర్ వాడటం వచ్చినవాళ్లు సాకెట్‌లో పెట్టి చూస్తే 180కి అటూ ఇటూ ఉందంటే అది లైను సమస్యే. దానికన్నా ప్రమాదం ఇంకోటి ఉంది: బల్బులు కొన్ని మసకగా, కొన్ని కళ్లు చెదిరేలా వెలుగుతున్నాయంటే న్యూట్రల్ తెగి ఉండొచ్చు. అప్పుడు ఇంట్లోకి 230 బదులు 300 పైన, ఒక్కోసారి 400 దగ్గరికి కూడా వచ్చేస్తుంది. వెంటనే మెయిన్ ఆపేసి 1912కు ఫోన్ చెయ్యండి. స్టవ్ సంగతి తర్వాత.

గిన్నె సంగతి అందరికీ తెలుసనుకుంటాం కానీ, వేడెక్కట్లేదని వచ్చే స్టవ్వుల్లో కొన్ని గిన్నె మార్చగానే పనిచేస్తాయి. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం గిన్నె అడుగున గట్టిగా అతుక్కోవాలి. అల్యూమినియం, రాగి, ఇత్తడి పనికిరావు. స్టీలు గిన్నెల్లో కూడా అన్నీ పనికిరావు, అయస్కాంతం అతుక్కోనిది వద్దు. అడుగు ఉబ్బిపోయి గాజు మీద గిరగిరా తిరిగే పాత కుక్కర్ అయినా, అడుగు వెడల్పు నాలుగైదు అంగుళాలకన్నా తక్కువున్న గిన్నె అయినా స్టవ్ గుర్తుపట్టక బీప్ బీప్ అంటూనే ఉంటుంది. ఇంకో మాట, సంగటి కెలికేటప్పుడు తెడ్డు బలానికి గిన్నె పక్కకు జరుగుతుంది, అప్పుడు స్టవ్ ఆగిపోతే అది ఫాల్ట్ కాదు, గిన్నె మధ్యలో లేదంతే.

విప్పే ముందు

ఈ బోర్డులో కరెంటుకు, మీకు మధ్య ట్రాన్స్‌ఫార్మర్ అడ్డు ఉండదు. ఇంటి కరెంటు నేరుగా బ్రిడ్జిలోకి (ఏసీని డీసీగా మార్చే నాలుగు కాళ్ల పార్టు) వెళ్లి దాదాపు 325 వోల్టుల డీసీ అవుతుంది. ప్లగ్ పెట్టి ఉన్నప్పుడు బోర్డు మీద "గ్రౌండ్" అని రాసి ఉన్న చోటు ముట్టుకున్నా షాక్ కొడుతుంది. అల్యూమినియం హీట్‌సింక్‌ను మాత్రం అస్సలు నమ్మొద్దు. చాలా బోర్డుల్లో ఐజీబీటీ వీపు నేరుగా దానికే తగులుతూ ఉంటుంది, ఆ వీపు అంటే కలెక్టర్, స్టవ్ నడిచేటప్పుడు వెయ్యి వోల్టుల దగ్గరికి ఎగిరే చోటు. వేడిగా ఉందా అని వేలు పెట్టి చూసే అలవాటు ఇక్కడ ప్రాణం తీస్తుంది.

ప్లగ్ తీశాక రెండు నిమిషాలు ఆగి, హోల్డర్‌కు బిగించిన ఫిలమెంట్ బల్బు రెండు వైర్లను పెద్ద కెపాసిటర్ (5 మైక్రో ఫారడ్, 400 వోల్ట్ అని ఉంటుంది) రెండు కాళ్లకు తాకించి, మిగిలిన చార్జ్ దించెయ్యండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చెయ్యొద్దు. తర్వాత మీటర్‌తో అది సున్నా అయిందని చూసుకొనే చెయ్యి పెట్టండి.

ఇంకొక సామాను లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు: సీరీస్ బల్బు. 100 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బు ఒకటి, ఫేజు వైరు మధ్యలో వచ్చేలా హోల్డర్, చివర ఒక సాకెట్. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, కరెంటు అంతా బల్బు దగ్గరే ఆగిపోతుంది, కొత్త పార్టు బతుకుతుంది. ఇది లేకుండా డైరెక్టుగా ప్లగ్ పెట్టి చూసే మెకానిక్ దగ్గర స్టవ్ ఇవ్వకండి, నేను గట్టిగా చెప్పే మాట ఇది.

పూర్తిగా చచ్చిన స్టవ్

లైటు లేదు, బీప్ లేదు. ముందు ఫ్యూజు చూడండి. లోపల తీగ మధ్యలో చిన్నగా తెగి గాజు శుభ్రంగా ఉంటే లోడు ఎక్కువై తెగింది. గాజు లోపలంతా నల్లగా, వెండి పూసినట్టు మసి పట్టి ఉంటే లోపల గట్టి షార్ట్ ఉంది, ఇంకో ఫ్యూజు వేసి చూద్దాం అనుకోకండి. రాగితీగ చుట్టడం అసలే వద్దు. ప్లగ్ పెట్టగానే ఇంటి ఎంసీబీ (మెయిన్ బోర్డులోని ట్రిప్ స్విచ్) పడిపోయే స్టవ్‌కు కూడా ఇదే దారి.

ఫ్యూజు పక్కనే నీలం రంగులో గుండ్రంగా బిళ్ళలా ఉండేది ఎంఓవీ, మీద 10డి471 లాంటి నంబరు ఉంటుంది. వోల్టేజ్ మరీ ఎగిరినప్పుడు అది తాను షార్ట్ అయి ఫ్యూజు పేల్చి మిగతా బోర్డును కాపాడుతుంది. అది పగిలి ఉందంటే మీరు అదృష్టవంతులు, చాలాసార్లు ఆ బిళ్ళ, ఫ్యూజు మారిస్తే సరిపోతుంది. బిళ్ళ తీసేసి వదిలేసినా స్టవ్ పనిచేస్తుంది, కానీ ఈసారి ఉరుములొచ్చినప్పుడు కాపాడేది ఉండదు.

ఇప్పుడు బ్రిడ్జి, ఐజీబీటీ. మీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టండి. బ్రిడ్జి ప్లస్ కాలు మీద నల్ల ప్రోబ్, ఏసీ కాళ్ల మీద ఒక్కోదాని మీద ఎర్ర ప్రోబ్ పెడితే 0.45 నుంచి 0.55 మధ్య రావాలి. మైనస్ కాలు మీద ఎర్రది, ఏసీ కాళ్ల మీద నల్లది పెట్టినా అంతే. ఎక్కడైనా బీప్ అని సున్నా చూపిస్తే అనుమానించండి, అయితే ఐజీబీటీ షార్ట్ అయి ఉంటే బోర్డు మీద బ్రిడ్జి ప్లస్ మైనస్‌లు కూడా షార్ట్ చూపిస్తాయి, కాబట్టి ముందు ఐజీబీటీ తీసి తర్వాత బ్రిడ్జి మీద తీర్పు చెప్పండి.

ఐజీబీటీ నంబరు మీ వైపు పెట్టి పట్టుకుంటే ఎడమ నుంచి గేట్, కలెక్టర్, ఎమిటర్. ఎమిటర్ మీద ఎర్రది, కలెక్టర్ మీద నల్లది పెడితే 0.4, 0.5 అలా వస్తుంది, తిప్పి పెడితే ఏమీ రాకూడదు. గేట్ నుంచి మిగతా రెండు కాళ్లకు ఎటు పెట్టినా ఏమీ రాకూడదు. బీప్ అంటే పోయినట్టే.

కొత్తది వెయ్యకముందు చేసే పని

నేను ఈ రాసిందంతా ఈ భాగం కోసమే. ఐజీబీటీ తీసేసి ఆ చోటు ఖాళీగా ఉంచి, ఫ్యూజు, బ్రిడ్జి బాగున్నాయని తేల్చుకొని, సీరీస్ బల్బు ద్వారా బోర్డుకు కరెంటు ఇవ్వండి. బల్బు వెలగకూడదు. మీటర్ నల్ల ప్రోబ్ బ్రిడ్జి మైనస్ మీద క్లిప్ చేసి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకొని, మరో చేత్తో మాత్రమే కొలవండి. పెద్ద కెపాసిటర్ మీద 325 దరిదాపుల్లో రావాలి. ఫ్యాన్‌కు, డ్రైవర్‌కు (ఐజీబీటీ గేట్‌ను నడిపే భాగం) వెళ్లే సప్లై 18 వోల్టులు, డిస్‌ప్లేకు 5 వోల్టులు. ఇప్పుడు ఐజీబీటీ గేట్ కాలు ఉండాల్సిన రంధ్రం దగ్గర కొలవండి: స్టాండ్‌బైలో సున్నా ఉండాలి. అక్కడ ఆరో, పదో, పద్దెనిమిదో వోల్టులు నిలబడి ఉంటే, డ్రైవర్ ట్రాన్సిస్టర్లు (ఎక్కువగా 8050, 8550 జత) షార్ట్ అయి ఉన్నాయి. అలాంటి బోర్డులో కొత్త ఐజీబీటీ వేస్తే ప్లగ్ పెట్టగానే పేలుతుంది. ఐజీబీటీ పోయేటప్పుడు ఆ దెబ్బ వెనక్కి తన్ని గేట్ దగ్గరి జీనర్ డయోడ్‌ను, ఆ ట్రాన్సిస్టర్లను కూడా తీసుకుపోవడం మామూలే. 18 వోల్టులకు బదులు 11, 12 వస్తున్నా ఆగండి, గేట్ పూర్తిగా తెరుచుకోక ఐజీబీటీ కాగి పోతుంది. ఆ లైనులో ఎండిపోయిన చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉంటుంది, మార్చండి.

కరెంటు తీసి, కెపాసిటర్ చార్జ్ మళ్లీ దించి, కాయిల్ రెండు చివరల నుంచి చిన్న ఐసీ (ఎక్కువ బోర్డుల్లో ఎల్‌ఎం339) వైపు వెళ్లే పెద్ద రెసిస్టర్లు చూడండి. 240కె, 330కె, 470కె, 820కె, ఇలా బోర్డును బట్టి విలువలు ఉంటాయి. ఐజీబీటీ ఏ క్షణంలో తెరవాలో బోర్డుకు చెప్పేవి ఇవే. వీటి విలువ పెరిగితే తప్పు సమయంలో తెరుచుకుంటుంది, వోల్టేజ్ పైన ఉండగానే దాంట్లోంచి కరెంటు పారుతుంది, టప్. బైరాగిపట్టెడ అక్క స్టవ్‌లో జరిగింది ఇదే. బోర్డు మీద ఉండగానే కొలవచ్చు, ఒక సూత్రం గుర్తుంచుకోండి: పక్కన ఉన్న వేరే దారుల వల్ల రాసిన విలువకన్నా తక్కువ రావచ్చు, ఎక్కువ రావడానికి మాత్రం వీల్లేదు. ఎక్కువ వచ్చిందంటే అది పోయింది, అనుమానం వద్దు.

తర్వాత కాయిల్ పక్కన ఉండే రెసొనెన్స్ కెపాసిటర్, 0.27 లేదా 0.3 లేదా 0.33 మైక్రో, 1200 వోల్ట్. మీటర్‌లో కెపాసిటెన్స్ ఉంటే తీసి కొలవండి, పదో వంతుకన్నా ఎక్కువ తగ్గి ఉంటే మార్చెయ్యండి. ఇది తగ్గేకొద్దీ ఐజీబీటీ మీద పడే వోల్టేజ్ పెరుగుతుంది. 5 మైక్రోది కూడా అలాగే కొలవండి.

ఇక బొద్దింకలు. నవ్వుకోకండి, నా టేబుల్ మీదకు వచ్చే బోర్డుల్లో వీటి పని చాలా ఉంటుంది. స్టవ్ అడుగున వెచ్చగా ఉంటుంది, కింద ఫ్యాన్ రంధ్రం తెరిచే ఉంటుంది, రాత్రికి లోపల కాపురం. ఐజీబీటీ కాళ్ల మధ్య ఒకటి చచ్చిపడినా, వాటి మలం తడిసి పాకినా వందల వోల్టులు దాని మీదుగా దారి చేసుకుంటాయి. బల్లిపిల్లలు కూడా. పాత టూత్‌బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు రెండు వైపులా తోమి ఎండలో ఆరబెట్టండి. బోర్డు కాలి బొగ్గైన చోటు ఉంటే బ్లేడుతో పూర్తిగా గీకెయ్యండి, బొగ్గులో కరెంటు పారుతుంది. 2021 నవంబరులో తిరుపతిలో ఇళ్లలోకి నీళ్లు వచ్చినట్టు మళ్లీ ఎప్పుడైనా వచ్చి స్టవ్ తడిస్తే, పైపైన తుడిచి ప్లగ్ పెట్టొద్దు, విప్పి ఇదే పద్ధతిలో శుభ్రం చేసి బాగా ఆరాకే కరెంటు.

ఇవన్నీ దాటాక కొత్త ఐజీబీటీ. పాత నంబరే తెచ్చుకోండి, దొరక్కపోతే 1200 వోల్టులు, 20 ఆంప్స్‌కు తగ్గకుండా, ఇండక్షన్ స్టవ్ కోసమే చేసిన రకం. మరీ చవగ్గా వచ్చేవాటిలో పాతవి పీకి నంబరు గీకి కొత్త పేరు అచ్చు వేసినవి కలుస్తాయి, థిన్నర్ గుడ్డతో రుద్దితే అచ్చు లేచిపోయేది తీసుకోకండి. హీట్‌సింక్ మీది ఎండిన పాత పేస్ట్ తుడిచి కొత్త పేస్ట్ పల్చగా రాసి, స్క్రూ గట్టిగా బిగించి, ఆ తర్వాత కాళ్లు సోల్డర్ చెయ్యండి. ముందే సోల్డర్ చేస్తే బిగించేటప్పుడు కాళ్లు లాగి టాకా వదిలేస్తుంది.

కాయిల్ బిగించి, గాజు, గిన్నె, నీళ్లు పెట్టి, మళ్లీ సీరీస్ బల్బు ద్వారానే ఆన్ చెయ్యండి. స్టాండ్‌బైలో బల్బు ఆరి ఉండాలి, స్టార్ట్ నొక్కాక వెలుగుతూ ఆరుతూ కొట్టుకోవాలి. అలా కొట్టుకుంటే మంచిది. వెలిగి అలాగే నిలబడిపోతే వెంటనే తీసెయ్యండి, ఇంకా ఏదో మిగిలింది.

ఫ్యూజు బాగుండి కూడా లైటు రాకపోతే చిన్న సప్లై భాగం పోయినట్టు. ఎనిమిది కాళ్ల ఐసీ ఒకటి (వైపర్12ఏ చాలా బోర్డుల్లో ఉంటుంది), దాని ముందు ఫ్యూజు లాగా పనిచేసే చిన్న రెసిస్టర్, పక్కన 4.7 మైక్రో 400 వోల్ట్ కెపాసిటర్. ఈ మూడు ఒకేసారి మార్చేస్తే సగానికి పైగా లేచి కూర్చుంటాయి.

వెలుగుతుంది కానీ వేడెక్కదు, లేదా మధ్యలో ఆగుతుంది

గిన్నె మంచిదే అయినా టిక్ టిక్ మంటూ గిన్నె లేదంటుంటే పైన చెప్పిన రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, 18 వోల్టుల సప్లై, ఇవే వరసగా. కాయిల్ స్క్రూలు లూజై అక్కడ నల్లబడి ఉంటుంది, దాన్ని కూడా చూడండి.

ఐదు నిమిషాలు వండి ఆగిపోయి, చల్లారాక మళ్లీ పనిచేస్తుంటే ఫ్యాన్. ఆన్ చెయ్యగానే కింద చెయ్యి పెడితే గాలి తెలియాలి. తాలింపు నూనె ఆవిరి, దుమ్ము కలిసి ఫ్యాన్ ఇరుసులో జిగురవుతుంది. స్టవ్ కింద న్యూస్‌పేపరో, గుడ్డో పరిచేవాళ్లున్నారు, రంధ్రాలు మూసుకుపోతాయి, ఉత్త బండ మీద పెట్టండి.

సెన్సర్ ఎర్రర్ అయితే, కాయిల్ మధ్యలో గాజుకు ఆనుకొని ఒక చిన్న పూస ఉంటుంది, తెల్ల పేస్ట్ రాసి. దాని కనెక్టర్ ఊడదీసి కొలిస్తే చాలా స్టవ్వుల్లో 25 డిగ్రీల దగ్గర 100కె రావాలి. కానీ మన దగ్గర మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల్లో అదే పూస 53కె దరిదాపులు చూపిస్తుంది, పోయిందనుకొని మార్చకండి. వేళ్ల మధ్య పట్టుకుంటే, లేదా నోటితో వేడి గాలి ఊదితే అంకె నెమ్మదిగా కదలాలి. కదలకుండా ఉన్నా, సున్నా అయినా, అంకే రాకపోయినా అది పోయింది. పాలు పొంగి లోపలికి కారితే దీని వైరు తెగడం మామూలు. హీట్‌సింక్ దగ్గర ఐజీబీటీ వేడి చూసే రెండోది ఉంటుంది, దాన్నీ మర్చిపోవద్దు.

బటన్లు వాటంతట అవే నొక్కుకుంటున్నా, ఎంత నొక్కినా పలకకపోయినా ఆ చిన్న స్విచ్‌లు మార్చడమే, శుభ్రం చేస్తే రెండు వారాలు నడిచి మళ్లీ వస్తుంది.

గాజుకు వెంట్రుకంత పగులు వచ్చినా ఆ స్టవ్ వాడొద్దు. పప్పు పొంగి ఆ పగులులోంచి దిగితే కింద కాయిల్, దాని మీద వందల వోల్టులు, పైన తడి గిన్నె పట్టుకొని ఉన్న మీ చెయ్యి. సెల్లోటేప్ వేసి వాడుతున్న స్టవ్ ఒకటి నా దగ్గరికి వస్తే గాజు మారేదాకా నేను తిరిగి ఇవ్వలేదు. స్టీలు గిన్నె ముట్టుకుంటే జిల్లుమంటుంటే ఎర్త్ చూపించండి, చెప్పులేసుకొని సర్దుకుపోకండి.

అంతా బిగించేటప్పుడు సెన్సర్ పూస గాజుకు సరిగ్గా ఆనేలా కొత్త పేస్ట్ పెట్టండి, ఆనకపోతే ఖాళీ గిన్నె ఎర్రగా కాలుతున్నా స్టవ్‌కు తెలియదు. ఇక డైరెక్ట్ ప్లగ్‌లో పెట్టి లీటరు నీళ్లు, మూత వేసి, 2000 వాట్ల స్టవ్ అయితే ఫుల్లులో మూడు నిమిషాలకు అటూ ఇటూ మరగాలి, 1200 వాట్లది అయితే ఐదు నిమిషాలు. ఆ తర్వాత ఆపకుండా మధ్యస్థంగా అరగంట నడపండి. స్విచ్ ఆపి ప్లగ్ తీసి చూడండి, వెచ్చగా ఉంటే పర్వాలేదు, పట్టుకోలేనంత వేడిగా ఉంటే సాకెట్ మార్చాకే స్టవ్ ఇంటివాళ్ల చేతికి ఇవ్వండి.